వినోద ముడి

"ఫ్రెండ్స్, గిది నలభై ఏండ్ల కిందటి స్పేస్‌షిప్ సెట్టు. కొని మూడేండ్లయింది గని, డబ్బ ఇయ్యాలే తెరిచిన. ముక్కలన్నీ ఉన్నయి. అమ్మినోడెవడో రెక్కకు దారం చుట్టిండు. గందుకే పదిల ఒక మార్కు కట్."

ఫోన్ కెమెరా ముందు నాగేందర్ కత్తెర అందుకున్నాడు.

"కోయకు తమ్మీ!" గడపలోంచి పక్కింటి రాధాబాయి అరిచింది. "గది బీడీల దారం. వినోద కట్టింది."

భార్య వినోద పోయి ఏడాది. రాధాబాయి మాట నాగేందర్ నమ్మలేదు. "గామె నా బొమ్మలు ముట్టకపోతుండె."

"నువ్వు ముట్టనిస్తే గద! గాయినకు వీటి మీద గింత పావురం, గింత ప్రేమ ఎందుకో చూద్దమని, నువ్వు లేనప్పుడు డబ్బ తెరిచిందట. రెక్క విరిగింది. నువ్వు తిడ్తవని కొంగుల దాచుకొని నా దగ్గరికొచ్చింది. బీడీలు పక్కకు పెట్టి గిది కట్టింది. ముడి చూడు, కొసను గోటితోని లోపటికి నెట్టింది. మన పెర్కిట్ ఊర్ల ఇంకెవ్వరు గట్ల కట్టరు."

నాగేందర్ దారం మీద వేలు పెట్టి చూశాడు. బిగువు సడలలేదు.

ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆపేశాడు. కుర్చీ మీది డబ్బాలన్నీ దించి, ఆ కుర్చీని రాధాబాయి ముందుకు జరిపాడు.

"కూసో అక్కా. గామె... ఇంకేమేం చెప్తుండె?"