కల్లంలో గురక

మిరప కల్లంలో కాపలా మంచాలు రెండూ పక్కపక్కనే వేశారు.

"పగలు తాలుకాయలు ఏరుతూ కునుకు, రాత్రి గురక. అచ్చం మీ అమ్మవే," అన్నాడు చెంచయ్య.

"అందుకే నాన్నా, అమ్మ సంగతి చెబితే డాక్టరు గారు నన్ను పరీక్షకు రమ్మన్నారు. ఇది కుటుంబాల్లో వస్తుందట," అంది మాధురి.

"గురకక్కూడా డాక్టరా? పడుకోవే."

అర్ధరాత్రి ఆమె గురక ఠక్కున ఆగింది.

నిరుడొక రాత్రి చెంచయ్య భార్య గురకా ఇలాగే ఆగింది. హమ్మయ్య, నిద్రపట్టిందనుకుని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారేసరికి ఆమె ఒళ్లు చల్లబడింది.

చెంచయ్య లేచాడు. కూతురి నోరు తెరిచే ఉంది, పొట్ట ఎగిసిపడుతోంది, ఊపిరి మాత్రం రావడం లేదు. భుజం పట్టి కుదిపాడు. ఉక్కిరిబిక్కిరై ఒక్కసారి గాలి పీల్చి, కళ్లు తెరవకుండానే మళ్లీ గురకందుకుంది.

కాయల సంగతి మరిచి, ఆ చప్పుడుకే కాపలా కూర్చున్నాడు. చెయ్యి ఆమె భుజం మీద ఉండగానే, గురక మళ్లీ ఆగింది.