సారు పేరు మీద

దుర్గ రాసిన ప్రోగ్రాంలో ఆమె పేరు చెరిపేసి తన పేరు వేసుకోవడానికి రవీందర్‌కు టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

2008లో అతను ఖమ్మంలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విభాగానికి హెడ్. ఆమె అదే విభాగంలో లెక్చరర్. రోజూ తిరుమలాయపాలెం నుంచి బస్సులో వచ్చేది. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో, మాటిమాటికీ కావాల్సిన సమాచారాన్ని చేతికందేలా దాచిపెట్టే కాషింగ్ లైబ్రరీ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి బాగా పాతబడింది. దాని స్థానంలో పెట్టడానికి దుర్గ కొత్తది రాసి, తప్పులుంటే చెప్పమని సారుకిచ్చింది.

తప్పులు పట్టేంత చదువు సారుకు లేదు. ఉన్న చదువుతో పేరు మార్చి, కనిపించిన ప్రాజెక్టుకల్లా పంపాడు. అందరూ పాతది తీసేసి కొత్తది పెట్టుకున్నారు. జర్మనీ నుంచి, జపాన్ నుంచి కృతజ్ఞతలు వచ్చాయి. కాలేజీ వాళ్లు శాలువా కప్పారు. మిర్చి యార్డు దగ్గర, పురుగుమందు ప్రకటన పక్కనే, ఆయన ఫ్లెక్సీ వెలిసింది.

దుర్గ స్టాఫ్ రూముకొచ్చి నిలబడితే, ఆయన కుర్చీలోంచి కదలకుండానే అడిగాడు.

"నువ్వు రాసినవనేదానికి సాక్ష్యం ఏంది?"

"ఏం లేదు సార్. మీరే రాసిండ్రని ఊరంత తెలుసు."

ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. జాలిపడ్డవాళ్లున్నారు గానీ, నోరు విప్పినవాళ్లు లేరు.

కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి సైబర్ పోలీసులొచ్చారు. ఇదీ సన్మానమే అనుకుని రవీందర్ టై సర్దుకున్నాడు. లైబ్రరీ మొత్తం మీరే రాశారా అని ఇన్‌స్పెక్టర్ మర్యాదగా అడిగాడు.

"అవ్ సార్. ప్రతి అక్షరం నాదే. ఇంకెవ్వరి చెయ్యి లేదు."

అది పెట్టుకున్న ప్రతిచోటా జనం పాస్‌వర్డులు దొంగతనంగా బయటికి పోతున్నాయనీ, అందుకోసమే దాన్ని అలా రాశారనీ ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. రాసింది దుర్గ అని రవీందర్ మొత్తుకున్నాడు. పాపం, ఆడపిల్ల మీదికి నెడుతున్నాడని శాలువా కప్పినవాళ్లే తిట్టారు. జీపెక్కించేదాకా మొత్తుకుంటూనే ఉన్నాడు.

తర్వాత కొత్త హెడ్‌గా వెంకటేశ్వరరావు వచ్చాడు. చేరిన రోజే దుర్గ ఆయన టేబుల్ మీద ఒక సీడీ పెట్టి, వినయంగా చెప్పింది.

"ఇంకో లైబ్రరీ రాసిన సార్. మీ పేరుతోని పంపితే మంచిగుంటది."