నెలకో ఫార్మాట్

"సీ డ్రైవ్ ఒక్కటీ చెరిపితే సరిపోదా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి.

మాస్టారు మెడ తిప్పకుండానే నవ్వారు. "మీ ఆఫీసులో సరిపోతుందేమో అల్లుడుగారూ. ఇది ఇల్లు. ఇంట్లో చెత్త మూలమూలనా ఉంటుంది."

పక్కన స్టూలు మీద కూర్చున్న కూతురు కిసుక్కున నవ్వింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

వీధి వీధంతా ఆయన్ని ఫార్మాట్ మాస్టారనే పిలిచేది. కంప్యూటర్ల దుకాణం నడిపిన రోజుల్లో, ఏ జబ్బుతో వచ్చిన మిషనుకైనా ఆయన మందు ఒకటే. అంతా తుడిచేసి, కొత్తగా సిస్టమ్ ఎక్కించడం. ఇప్పుడు దుకాణం మూతపడింది. మిగిలిన గిరాకీ కూతురిల్లు ఒక్కటే.

అల్లుడంటే ఆయనకు మొదటినుంచీ కడుపుమంట. చెడ్డవాడైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మెత్తటి మాట, తిన్న కంచం తనే కడుక్కునే రకం. చిన్నప్పుడు బల్ల కింద దూరి తనకు స్క్రూలు అందించిన పిల్ల, "మా నాన్నకి రానిది లేదు" అని బడంతా చాటిన పిల్ల, ఇప్పుడు నోరు తెరిస్తే "ఆయనైతేనా..." అంటుంది. నెట్ రాకపోతే ఆయన. ఫోను పగిలితే ఆయన. ఆఖరికి మిక్సీ ఆగినా ఆయనే.

పిలవకుండా వెళ్లడమంటే మాస్టారికి నామోషీ. అందుకని ఆ ఇంట్లో ఆయనకంటూ మిగిలిన చోటల్లా ఈ కంప్యూటర్ ముందున్న కుర్చీయే. ఏడాదిగా అది నెల తిరిగేసరికి మొరాయించడం, కూతురు ఫోను చెయ్యడం, ఆయన సంచి తగిలించుకుని బయల్దేరడం మామూలైపోయింది. ఈసారి మాత్రం నెల దాటినా ఫోను రాలేదు. ఆ అల్లుడే బాగుచేసి పారేశాడేమోనని మాస్టారికి కంటిమీద కునుకు లేదు. నిన్న పొద్దున "నాన్నా, మళ్లీ పడకేసింది" అన్న మాట చెవిన పడ్డాకే ఆయన స్థిమితపడ్డారు.

"ఈయన్నే చూడమన్నాను నాన్నా. నా వల్ల కాదు, మీ నాన్ననే పిలువన్నారు" అంది కూతురు.

"అదేంటి, అంత చదువు చదివారుగా?"

"మాకు ప్రోగ్రాములు రాయడమే వచ్చండీ" అన్నాడు అల్లుడు. "ఇలాంటివి మీకే తెలియాలి."

ఆ మాట మాస్టారు చెవులారా విన్నారు. కూతురు కూడా విందో లేదోనని ఓరకంట చూసుకున్నారు.

ముందు ఫోటోలన్నీ తన సంచిలోని డిస్కులోకి ఎక్కించారు. తెరమీద ఒక్కొక్కటే దొర్లిపోతున్నాయి. కొండమీద అల్లుడూ కూతురూ, సముద్రం ఒడ్డున అల్లుడూ కూతురూ, ఒకే గొడుగు కింద అల్లుడూ కూతురూ. పెళ్లి గుంపులో ఓ మూల మాస్టారి చెవి ఒక్కటి కనిపించింది. ఆయన పళ్లు నూరుకుంటూ డ్రైవులన్నీ ఎంచి, ఫార్మాట్ నొక్కారు. ఎప్పుడూ ఇంత కసిగా నొక్కింది లేదు.

కొత్త సిస్టమ్ నెమ్మదిగా ఎక్కుతోంది. మాస్టారికి ఈ ఘట్టమే ఇష్టం. చేసే పనేమీ ఉండదు, కబుర్లు తప్ప.

"నాన్నా, నేను ఆ ఎర్ర స్విచ్ నొక్కి దుకాణంలో కరెంటంతా పోగొట్టాను, గుర్తుందా?"

"గుర్తులేకేం! చీకట్లో గిరాకీని చూసి నేనే అనుకుని, నాన్నా అంటూ ఆయన కాళ్లు చుట్టేసుకున్నావు."

"ఆయన కెవ్వుమన్నాడు!"

కూతురు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అల్లుడు రెండు టీ కప్పులతో గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు కాసేపు అలాగే నిలబడి, కప్పులు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. కుళ్లుకో నాయనా, అనుకున్నారు మాస్టారు. టీ కూడా రుచిగా అనిపించింది.

పని అయిపోయింది. కూతురు కంచాలు పెట్టడానికి లేచింది. అల్లుడు ఎవరిదో ఫోనొస్తే బయటి వరండాలోకి నడిచాడు. మాస్టారు గుమ్మం వైపు ఓసారి చూసి, చొక్కా లోపలి జేబులోంచి ఓ చిన్న పెన్‌డ్రైవ్ తీశారు.

అందులో ఉన్నది ఆయన స్వయంగా రాసిన బుల్లి ప్రోగ్రాం. నెలదాకా కిక్కురుమనకుండా పడుంటుంది. ఆ తర్వాత రోజుకింత చొప్పున కంప్యూటర్ కాళ్లు పట్టి లాగేస్తుంది. ఏడాదిగా వచ్చిన ప్రతిసారీ ఆయన ఇదే పెట్టి వెళుతున్నారు. సిగ్గు లేక కాదు. అది పెట్టకపోతే మళ్లీ ఎవరు పిలుస్తారని భయం.

భోజనాలయ్యాక, సంచి తను తెస్తానంటూ అల్లుడు బస్‌స్టాపు దాకా బయల్దేరాడు. వీధి మలుపు తిరిగాక ఆగాడు.

"మామయ్యగారూ, ఒక్క మాట. కిందటిసారి మీరు పెట్టి వెళ్లిన ప్రోగ్రాం ఆ సాయంత్రమే నా కంటపడింది. తీసేశాను."

కూతురికి తెలిస్తే ఇక ఏ మొహం పెట్టుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టాలి?

"అమ్మాయికి... చెప్పారా?"

"లేదండీ. చెప్పను కూడా."

కాస్త ఊపిరాడగానే మాస్టారిలోని మెకానిక్ లేచి కూర్చున్నాడు. "ఆగండాగండి. తీసేస్తే ఇక పాడవకూడదుగా! మరి నిన్న ఎలా పడకేసింది?"

అల్లుడు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నెల దాటింది, మీరు రాలేదు. తను మూతి ముడుచుకుని కూర్చుంది. ఎంత తంటాలుపడ్డా నవ్వించడం నా వల్ల కాలేదు మామయ్యగారూ" అని తల దించుకున్నాడు.

"ఈసారి పాడుచేసింది నేనండీ."