రెండో చరణం

"ఆపండి! ఆ పాట ఆపండి!"

కేశవరావు మైకు తీగ లాగేశాడు. 1993 శ్రీరామనవమి. దేశ రాజధానిలో సరోజినీ నగర్ తెలుగువాళ్ల పందిట్లో పాడుతున్న పిల్లలు బిక్కచచ్చిపోయారు. హార్మోనియం ముందు కూర్చున్న సుభాషిణి లేచి నిలబడింది.

"ఏమైందండీ?"

"రాముడి పందిట్లో మౌలా ఏమిటి? ఎవరు నేర్పారు?"

"నేనే. ఐదు వందల ఏళ్ల నాటి భక్తి పాట. మొదటి చరణంలో రాముడు, రెండో చరణంలో మౌలా, అంటే అల్లా. కట్టినాయనకి ఇద్దరూ ఒక్కడే."

"నాకు కాదు! ఈ సంఘానికి కార్యదర్శిని నేను. రెండో చరణం తీసెయ్."

"తియ్యను. ఆ రోజుల్లో సాధువులూ ఫకీర్లూ ఒకళ్ల మాటలు ఒకళ్లు తీసుకుని పాడారు. రాముణ్ణే సాహెబ్ అని పిలిచారు. ఆ మాటలు ఏరి పారేస్తే పాటే మిగలదు."

"నీ యూనివర్సిటీ పాఠాలు నువ్వుండే మునిర్కాలో చెప్పుకో! మొన్నటి అల్లర్లు అప్పుడే మర్చిపోయావా? ఇక్కడ ఇంకొక్క తురక మాట వినపడిందా, ఖబడ్దార్!"

"ఖబడ్దార్ ఏ వేదంలోది అంకుల్?" అడిగింది సుభాషిణి.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కేశవరావు మొహం కందగడ్డలా అయింది. అతని చూపు డోలక్ వాయిస్తున్న మనిషి మీద పడింది.

"నువ్వెవరోయ్? పేరేంటి?"

"మస్తానండీ. కంటోన్మెంట్‌లో సిపాయిని."

"అదీ సంగతి! పాటా వాళ్లదే, డోలకూ వాళ్లదే! లే, బయటికి నడు!"

మస్తాన్ డోలక్ భుజానికి తగిలించుకున్నాడు.

"అతను వెళితే మేమూ వెళ్లిపోతాం," అంది సుభాషిణి.

"దీదీ, హమ్ నహీ గాయేంగే?" ఇక పాడమా అంటూ పాడే పిల్లల్లో చిన్నది అక్షర ఏడుపు మొదలుపెట్టింది.

"పొండి, అందరూ పొండి!" కేశవరావు అరిచాడు. "అదిగో, ఫ్యాను కింద కూర్చుంది మా అమ్మ. నిన్ననే నెల్లూరు నించి వచ్చింది. రామనామం తప్ప మరోటి ఎరగని మనిషి. ఆవిడ చెవిన ఇలాంటి పాట పడేస్తారా?"

అతని తల్లి హనుమాయమ్మ అప్పటికే కర్ర ఊనుకుంటూ వేదిక దగ్గరికి వచ్చేసింది. ఆవిడ కళ్లు నిప్పులు కక్కుతున్నాయి.

"నువ్వే గడ్డి పెట్టమ్మా వీళ్లకి," అన్నాడు కేశవరావు.

ఆవిడ కర్ర పైకెత్తింది.

"ఒరే మస్తానూ! నోరు ముయ్యి!"

వేదిక దిగబోతున్న సిపాయి గిర్రున వెనక్కి తిరిగాడు. "నేనేమీ అనలేదమ్మా!"

"నిన్ను గాదబ్బయా, నువ్వు కూర్చోని వాయించు," అంటూ ఆవిడ కర్ర కేశవరావు వైపు తిప్పింది. "నేనంది దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరే పెట్టానే, ఈ మస్తాన్ని!"