సత్రం బయట పాప

1998 డిసెంబరు. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే శాంత ఫిల్మ్ నగర్‌లో ఓ అద్దె మేడమీద ఒంటరిగా ఉండేది. పొద్దుగూకాక, మధురానగర్‌లో ఉండే స్నేహితురాలు నాగేశ్వరితో ఈమెయిళ్లలో ఓ కథాట ఆడేది. శాంత కథ నడిపితే, అందులో తన పాత్ర ఏం చేస్తుందో నాగేశ్వరి రాసి పంపేది.

ఆ రాత్రి కథ అడవిలోని సత్రం దాకా వచ్చింది. "లోపలికెళ్లి తలుపు గడియ పెడతాను" అని నాగేశ్వరి రాసింది. ఆ వెనకే పేరు లేని మెయిల్ ఒకటి వచ్చింది.

"గడియ పెట్టకండి. నేనింకా బయటే ఉన్నాను. చలేస్తోంది."

శాంత నెట్ ఆపేసి, అదే లైన్ మీద నాగేశ్వరికి ఫోన్ చేసింది.

"ఏంటే, చిన్నపిల్లలా ఆ రాతలు?"

"నేనా? గడియ పెడతానన్నాను, అంతేనే!"

నెట్ ఆపే ఉంది, మోడెం చప్పుడు కూడా లేదు. గది నిశ్శబ్దంగా ఉంది. అయినా తెర మీద ఇంకో మెయిల్ తెరుచుకుంది.

"అక్కా, చీకటిగా ఉంది."

ఆ పిలుపు చదివాక కాదనడానికి శాంతకు మనసొప్పలేదు. "రా తల్లీ, లోపలికి రా" అని టైపు చేసింది. ఫోన్‌లో నాగేశ్వరి "హలో, హలో" అంటూనే ఉంది.

కింద నుంచి వాచ్‌మన్ వీరభద్రం కేకేశాడు.

"అమ్మా, గీడ ఎవరో చిన్న పాప నిలబడ్డది. మీరే రమ్మన్నరంట. పైకి పంపాల్నా?"

శాంత నెమ్మదిగా లేచి తలుపు తీసింది.

"పంపించు. మెట్ల లైటు వెయ్యి, జాగ్రత్తగా ఎక్కమను."