ఎడమకాలు

మా బావ పోశాలు భోపాల్‌పట్నంలో టేకు కంట్రాక్టరు సేటు దగ్గర మోటరు నడిపేవాడు. బస్తరు సంస్థానంలో మోటర్లు వేళ్ల మీద లెక్కపెట్టే రోజులవి. బావకు వయసు మీద పడుతోందని, అతని పనికి నన్ను తయారు చెయ్యమని సేటే చెప్పాడు. అప్పటిదాకా నేను దుంగల బండి తోలేవాణ్ణి.

బావ ఆర్నెల్లు నేర్పాడు. ఎక్కగానే స్టీరింగు నాకిచ్చి తను పక్కన కూర్చునేవాడు. ఎంత ప్రేమో అనుకున్నాను.

"ఎడ్లబండి తోలెటోడు పగ్గం ఇడుస్తడా? గట్లనే ఎడమకాలు క్లచ్చి మీదికెల్లి తియ్యకు" అనేవాడు.

తియ్యలేదు.

ఆ రోజు సేటు, బావ ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఇంద్రావతి రేవు నుంచి గట్టు సగం ఎక్కేసరికి కాలిన వాసన, పొగ. మోటరు వెనక్కి జారి రాయికి తగిలి ఆగింది.

"పోశాలు చేతిల ఎనిమిదేండ్లు ఒక్క క్లచ్చి కాలలే. నీ చేతిల ఆర్నెల్లకే రెండా? బస్! పోయి బండే తోలుకో" అన్నాడు సేటు.

"పోనీలే బామ్మర్దీ, అందరికి రాదు" అని బావ నా భుజం తట్టాడు.

మోటరు చల్లారాక బావ నడిపాడు. అతను నడుపుతుంటే నేను పక్కన కూర్చోవడం అదే మొదలు.

గట్టెక్కి అడవిబాట పట్టాం. తల దించుకున్న నాకు కాళ్లే కనిపించాయి. బావ ఎడమకాలు క్లచ్చికి జానెడు దూరంలో, కింద చెక్క మీద ఉంది.

నా చూపు పసిగట్టి, బావ ఆ కాలు మెల్లగా క్లచ్చి మీద పెట్టాడు.