ఒట్టి నీళ్ళు చాలు

"ఇంకేదైనా మంచి మందుంటే ఇవ్వు రితియెన్. ఆకుల కొసలు మాడిపోతున్నాయి."

చెన్సు బస్సును సగం రోడ్డు మీదే ఆపేసి ఎరువుల కొట్లోకి దూసుకొచ్చాడు. బస్సులో కూర్చున్నవాళ్ళెవరూ గొణగలేదు. గోజో దీవి చిన్నది, డ్రైవరు ఇంటి సంగతి అందరికీ తెలుసు.

అతని భార్య పవ్లీనాకు కేన్సర్. ఏం తిన్నా కడుపులో నిలవదు.

మేడ మీద పెంచిన గంజాయి పువ్వు ఎండబెట్టి, సాయంత్రం నాలుగు దమ్ములు పీలిస్తే మాత్రం గిన్నెడు సూపు తాగేది. పైన ఇంకో జున్నుముక్క వెయ్యమని అడిగేది కూడా.

నిరుటి పువ్వు డబ్బాలో అడుగంటింది. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది. ఆ నాలుగూ పూస్తేనే పవ్లీనా నోట్లోకి ముద్ద పోయేది.

"వేళ్ళ మందు ఇచ్చాను, పువ్వు మందు ఇచ్చాను, సముద్రపు నాచుది కూడా పట్టుకెళ్ళావు కదన్నా!" అంది కొట్టు నడిపే రితియెన్. అంటూనే అలమర వైపు చూసింది. "బెల్లప్పాకంలాంటిది ఒకటి కొత్తగా వచ్చింది..."

"అదీ ఇచ్చెయ్."

"ఇప్పటికి ఎన్ని రకాలు పోశావు బాబూ?"

అడిగింది పక్కన నిలబడ్డ ఒక ముసలాయన. ఎవరో పై ఊరివాడు. కోటుకు కుందేళ్ళ వాసన, గోళ్ళ నిండా మట్టి. అంత జూన్ ఎండలోనూ మెడకు నల్ల టై.

"ఆరు. ఏం?"

"మొక్కది ఆకలి కాదు బాబూ, అజీర్తి. అన్నీ ఆపెయ్. రెండు మూడుసార్లు ఒట్టి నీళ్ళు బాగా పట్టించు. మట్టి మంచిదైతే మిగతాది అదే చూసుకుంటుంది."

చెన్సుకు ఒళ్ళు మండింది. ఆర్నెల్లుగా డాక్టర్ల మీద చూపించలేని కోపానికి ఆ ముసలాయన లోకువగా దొరికాడు.

"నా మొక్కల సంగతి నీకెందుకు తాతా? బ్యాండు మేళంలో బూర ఊదుకునేవాడివి, పోయి ఊదుకో. ఊరేగింపు ఇంకా పదిరోజులుంది, అప్పుడే టై కట్టుకుని బయల్దేరావు!"

రితియెన్ నవ్వాపుకుంది.

ముసలాయన టై సర్దుకున్నాడు.

"తిండి సయించని మనిషి నీ ఇంట్లో ఉంటే తెలిసొచ్చేది" అన్నాడు చెన్సు, అక్కడితో ఆగలేక.

"అవును బాబూ" అన్నాడు ముసలాయన.

మర్నాడు పొద్దున చెన్సు గుమ్మం ముందు ఓ గోతాం ఉంది. నిండా నల్లటి మట్టి. లోపల కాగితం ముక్క. "బాగా మాగిన మట్టి. మొక్కల్ని ఇందులోకి మార్చు. ఏమీ కలపకు. ఒట్టి నీళ్ళు చాలు."

"ఎవరో మంచి మనసుతో ఇచ్చారయ్యా, వాడి చూడరాదూ" అంది పవ్లీనా మంచం మీంచి.

"కుందేలు పెంటికల కంపు! ఏం పురుగులున్నాయో ఏమో. నీ మందులో కలుపుతానా?"

రాతినేల ఎక్కువైన ఆ దీవిలో మట్టి అరుదు, వీధిలో పారబోస్తే ఎవరూ ఊరుకోరు. అందుకని గోతాం మేడ మీదికి మోసి, నీళ్ళ ట్యాంకు వెనక మూలన కుమ్మరించాడు. చట్టం లెక్కకు మించిన ఐదో మొక్క ఒకటి పెరుగు కప్పులో వడలిపోయి ఉంటే, దాన్నీ అందులోకే విసిరేశాడు.

తర్వాత కొత్త సీసా తెరిచాడు. బిందెడు నీళ్ళకు ఒక మూతెడు అని రాసుంది. చెన్సు మూడు మూతలు పోశాడు. భార్య బతకాలన్న ఆత్రంలో చెయ్యి ఆగలేదు పాపం.

పదిరోజుల్లో నాలుగు మొక్కలూ మాడి, తల వేలాడేశాయి.

ఎవరో తెచ్చిచ్చిన పువ్వు పవ్లీనాకు పడలేదు. సూపు వాసన చూసి గిన్నె పక్కకు నెట్టేది. "రేపు తింటాలే" అనేది. చెన్సు ఆ గిన్నె పట్టుకుని అలాగే కూర్చునేవాడు.

ఆగస్టులో, ఆ నెల పండగ బాణసంచా మొదలవకముందే, ఆవిడ పోయింది.

మొక్కలు చచ్చాక చెన్సు మేడెక్కలేదు. సెప్టెంబరులో ట్యాంకు కారుతోందని పక్కింటివాళ్ళు చెబితే ఎక్కాడు.

ట్యాంకు వెనక అతని ఛాతీ ఎత్తున ఒక మొక్క. ఒక్క ఆకు కొస కూడా మాడలేదు. కొమ్మకొమ్మకీ పువ్వు. ట్యాంకు లోంచి బొట్టుబొట్టుగా పడ్డ నీళ్ళు తప్ప దానికి ఎవరూ ఏమీ పొయ్యలేదు.

చెన్సు అక్కడే కూలబడి, పవ్లీనా పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

అక్కడినుంచి నేరుగా కొట్టుకు వెళ్ళాడు.

"ఆ రోజు నేను నోరు పారేసుకున్న పెద్దాయన ఎక్కడుంటాడు రితియెన్? ఆయన కాళ్ళు పట్టుకోవాలి. మేళంలో అడిగితే చెబుతారా?"

పవ్లీనా పోయినప్పటినుంచీ చెన్సు మెడలో ఉంటున్న నల్ల టై వంక చూసి రితియెన్ తల దించుకుంది.

"మేళమూ లేదు, ఏమీ లేదన్నా. నార్దు ఆయన పేరు, షారా ఊళ్ళో ఉంటాడు. నాకూ తర్వాతే తెలిసింది. ఆ రోజు ఆయన ఏమీ కొనడానికి రాలేదు."

"మరి?"

"నీ గుమ్మం ముందు పెట్టింది, నాలుగేళ్ళు వాళ్ళావిడ జూజా చేత తిండి తినిపించిన మొక్కల మట్టి. ముందురోజే ఆవిడని పూడ్చిపెట్టి, తిండి సయించని మనిషి ఇంకెవరింట్లోనైనా ఉన్నారేమో అడిగి ఇచ్చిపోదామని వచ్చాడు."